నీళ్లు పడని బోర్లు

వెలగపేటకు మంచినీళ్లిస్తామని, పక్కనే ఇనపగట్టు కొండను తవ్వుతున్న గనుల కంపెనీ వేయించిన బోర్లలో ఒక్కదాంట్లో కూడా నీళ్లు పడలేదు. ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. ఎందుకు పడలేదో మాత్రం రేణుకకు ఒక రాతిముక్క వల్ల తెలిసింది. మేనత్త బాలత్రిపురసుందరి మగ్గం వెనక, పడుగు నూలు బిగువు తగ్గకుండా వేలాడదీసిన రాతిముక్కను చూసి ఆమె ఆగిపోయింది. బోర్లవాళ్లు పారేసి పోతే ఏరి తెచ్చుకున్నానే అంది అత్త. చెరుకుగడ కణుపులా గుండ్రంగా, నున్నగా, పొడుగ్గా ఉందా రాయి. నీళ్ల కోసం వేసే బోరు రాతిని పొడి చేసి బయటికి చిమ్ముతుంది. ఇలా కడ్డీగా కోసి పైకి తీసేది, కింద ఏ ఖనిజం ఉందో చూసుకోవాలనుకునేవాళ్లే. ముక్క నిండా ఎర్రటి, నల్లటి చారలు. ఆ సైజు రాయికి ఉండవలసినదానికంటే చాలా బరువుంది. విజయవాడలో డిగ్రీ పిల్లలకు భూగర్భశాస్త్రం చెప్పే రేణుకకు ఆ బరువు ఇనుముదని తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఆమె అత్తకు ఏమీ చెప్పలేదు. మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి ఇబ్రహీంపట్నం వెళ్లింది.

కంపెనీవాళ్ల రాళ్ల షెడ్డు అక్కడే, థర్మల్ స్టేషన్ దాటి కొంచెం లోపలికి ఉంది. కిరీటి అక్కడ జియాలజిస్టు. విశాఖపట్నంలో ఎమ్మెస్సీ ఇద్దరూ కలిసి చదివారు. తలమీద టోపీ తీసి ఎదురొచ్చాడు. ఎందుకొచ్చావని అడగలేదు. టీ తెప్పించనా అన్నాడు, ఆమె షెడ్డు వైపే చూస్తుంటే తనే తాళం తీశాడు.

రేకుల కప్పు కింద చెక్కపెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కో పెట్టెలో ఒక్కో బోరు నుంచి తీసిన రాతికడ్డీలు, భూమిలో ఎలా ఉన్నవి అలా, లోతు వారీగా పడుకోబెట్టారు. పెట్టెల మీద అంకెలే గానీ ఊరి పేరు లేదు. మా ఊరివి ఏవి అని అడిగింది రేణుక. కిరీటి అబద్ధం చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండునని ఆమెకు తరవాత చాలాసార్లు అనిపించింది. కుడివైపు గోడ పొడుగునా ఉన్నవన్నీ అని చేత్తో చూపించాడు.

రేణుక ఒక్కొక్క పెట్టె ముందూ వంగి చూసుకుంటూ వెళ్లింది. పైన నల్లరేగడి, దాని కింద సుద్ద, ఆ కింద మెత్తబడ్డ రాయి. అక్కణ్నుంచి మొదలయ్యింది ఖనిజం. మొదలయ్యాక ఆ పెట్టె చివరిదాకా ఆగలేదు. పక్కపెట్టెలోనూ అంతే. దాని పక్కదాంట్లోనూ అంతే. ఇది సాలెవీధి, ఇది రామాలయం వెనక, ఇది స్కూలు ఆవరణ అని కిరీటి మెల్లిగా చెబుతుంటే, ఊరంతా పెట్టెల్లో పేర్చి ఉన్నట్టనిపించింది ఆమెకు.

“కొండ మీద కనపడేది తోకే రేణుకా. తల మీ ఊరి కింద ఉంది,” అన్నాడు కిరీటి.

తరవాత వివరంగా చెప్పాడు. ఇనపగట్టు కొండలో ఖనిజం నాసిరకం. ఇనుపపొర ఒకటి ఉంటే పలుగురాయి పొరలు రెండు. అందుకే అంత తవ్వి, అంత పిండి చేయాల్సి వస్తోంది. అందుకే అంత దుమ్ము. పొరలన్నీ తూర్పుకు వాలి, ఊరి కిందకు దిగేసరికి చిక్కబడ్డాయి. ఇంత మంచి ఖనిజం ఈ చుట్టుపక్కల తను చూడలేదన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతని గొంతులో ఒక ఉత్సాహం వచ్చింది. అది గమనించుకుని వెంటనే తగ్గాడు.

ఊరు ఎప్పుడు ఖాళీ చేయిస్తారని అడిగింది రేణుక. ఇప్పట్లో కాదన్నాడు. ముందు కొండ అయిపోవాలి. రేపు వెలగపేటలో జరిగే ప్రజాభిప్రాయ సేకరణ కూడా కొండను ఇంకా లోతుగా, ఇంకా వేగంగా తవ్వుకోవడానికి అనుమతి కోసమే, ఊరి సంగతి అందులో లేదు. కొండ పూర్తయ్యేసరికి ఇరవై ఏళ్లయినా పడుతుంది. అంతదాకా ఊరి కింద ఇంత ఖనిజం ఉందని చూపిస్తే చాలు, పెట్టుబడి పెట్టేవాళ్లు వాళ్లే వస్తారు.

ఆమె ఆ మాటలు విన్నది గానీ అప్పుడు వాటి మీద మనసు పెట్టలేదు. ఆమె మనసంతా మోసం మీదే ఉంది. నీళ్లని చెప్పి ఊరి జనం చేత కొబ్బరికాయలు కొట్టించి, వాళ్ల వాకిళ్లలోనే వాళ్ల కింది నేలను దొంగతనంగా తీసుకుపోయారని అన్నది. నువ్వూ ఒక ఊళ్లో పుట్టినవాడివే కదా అన్నది.

కిరీటి పెట్టెల మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. గన్నవరం పక్కన తన తండ్రి పండించిన పొలం మీద ఇప్పుడు విమానాలు దిగుతున్నాయన్నాడు. తాతలనాటి పొలం, రెండు పంటలు పండేది. పోయింది. కొన్నాళ్లు ఏడ్చారు, తరవాత తలా ఒక దారి చూసుకున్నారు, ఎవరూ చావలేదన్నాడు.

“మిమ్మల్ని అడిగి తీసుకున్నారు కిరీటీ. మావాళ్లని ఎవరడిగారు?”

“అడిగే వేశాం.”

“ఎవర్నడిగారు?”

షెడ్డు బయట బూడిద లారీ ఒకటి వెళ్లింది. ఆ చప్పుడు పూర్తిగా తగ్గేదాకా కిరీటి ఆగాడు.

“పాండురంగయ్యగార్ని,” అన్నాడు. “ఎక్కడెక్కడ వేయాలో మీ నాన్నగారే దగ్గరుండి చూపించారు. నీకు తెలుసనుకున్నాను.”

*

వెలగపేటలో బస్సు దిగేసరికి పొద్దు వాలుతోంది. స్కూలు మైదానంలో రేపటి సభకు షామియానా వేస్తున్నారు. తెల్లటి గుడ్డ. పొద్దున విప్పినప్పుడు తెల్లగా ఉండి ఉంటుంది, ఇప్పటికే ఎర్రదుమ్ము పట్టింది.

ఈ ఊరు నేసేది తెల్ల పంచెలు. పల్చటి నేత, సన్నటి జరీ అంచు. గోదావరి అవతల పెళ్లిళ్లకు కూడా వెలగపేట పంచెలే కావాలనేవాళ్లు ఒకప్పుడు. తెల్లవారకుండానే వీధిలో పడుగులు సాచి గంజి పెట్టేవాళ్లు, ఎండ ముదిరేలోగా ఆరేవి. గని మొదలైన తరవాత తడి గంజి మీద ఎర్రదుమ్ము పడటం మొదలైంది. దులిపితే పోదు, ఉతికితే ఇంకా లోపలికి పాకుతుంది. ఇళ్లలోకి తెచ్చుకుని తలుపులు మూసుకుని గంజి పెట్టారు. అక్కడికీ వచ్చింది. మొన్న చేనేత సంఘం పంపిన సరుకంతా విజయవాడ వన్‌టౌన్ షావుకార్లు తిప్పి పంపేశారు. కావి పంచెలైతే సన్యాసులకు అమ్ముకోండి అన్నారట.

పాండురంగయ్య చేనేత సహకార సంఘానికి అధ్యక్షుడు. గని వద్దని మొదట గొంతెత్తినవాడు ఆయనే. కలెక్టరాఫీసు చుట్టూ తిరిగాడు, కాలుష్యం వాళ్ల ఆఫీసు చుట్టూ తిరిగాడు. వాళ్లొచ్చి దుమ్ము కొలిచే పెట్టె ఒకటి స్కూలు డాబా మీద పెట్టారు. పెట్టె ఉన్నన్నాళ్లూ కొండమీద లారీ కదల్లేదు. పెట్టె తీసుకుని వాళ్లు అటు వెళ్లగానే ఇటు లారీలు దిగాయి. ఊళ్లో ఏ గొడవొచ్చినా, ఏ మంచి జరిగినా జనం ఆయన అరుగు మీదికే వస్తారు. రేణుక ఆ అరుగు మీద పెరిగింది. తండ్రి అబద్ధమాడగా ఎన్నడూ వినలేదు.

ఆమె వెళ్లేసరికి ఆయన రేపు తొడుక్కోవడానికి లాల్చీ ఇస్త్రీ చేసుకుంటున్నాడు. పక్కగదిలో అత్త మగ్గం ఆడుతోంది. నాలుగు పోగులు నేయడం, ఆగి దగ్గడం, మళ్లీ నేయడం.

ఎక్కణ్నుంచి వస్తున్నావమ్మా అని అడిగాడాయన. ఇబ్రహీంపట్నం నుంచి అని చెప్పింది. కిరీటిని కలిశాను అని చెప్పింది. పాండురంగయ్య ఇస్త్రీపెట్టె పక్కన నిలబెట్టి, స్విచ్చి ఆపాడు. లాల్చీ మడత పెట్టడం పూర్తి చేశాడు. తరవాత కుర్చీ జరుపుకుని కూచున్నాడు. ఈ రోజు కోసం ఎదురు చూస్తున్న మనిషిలాగా కూచున్నాడు.

“అవి నీళ్ల బోర్లు కావని నీకు ముందే తెలుసా నాన్నా?”

“తెలుసు.”

రేణుకకు కోపం రాలేదు. గుమ్మంలోనే గోడకు ఆనుకుని నిలబడింది. కాదంటాడని, వాళ్లు నన్నూ మోసం చేశారంటాడని దారి పొడుగునా బస్సులో తనే ఆయన తరఫున జవాబులు తయారు చేసుకుంటూ వచ్చింది. వాటిలో ఒక్కటీ పనికి రాలేదు.

ఎంతిచ్చారు అని మాత్రం అడగలేదు. ఆ ప్రశ్న నాలిక చివరిదాకా వచ్చినా అడగలేదు. డబ్బు కోసం మాత్రం అయివుండదని ఆమెకు తెలుసు. మరి ఎందుకని అడిగింది.

పాండురంగయ్య పక్కగది వైపు చూసి గొంతు తగ్గించాడు. కిందటేడు చెల్లెల్ని విజయవాడ ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినప్పటి సంగతి చెప్పాడు. డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము చూసి, ఎన్నేళ్లు గనిలో పనిచేశావమ్మా అని అడిగాడట. ఆమె నవ్వి, మగ్గం గుంటలో తప్ప నేను ఏ గోతిలోనూ దిగలేదు డాక్టరుగారూ అన్నదట. డాక్టరు నవ్వలేదు. ఆమెను బయట కూచోబెట్టి ఈయనతో మాట్లాడాడు. అది రాతిపొడి, ఊపిరితిత్తుల్లో చేరింది ఇక బయటికి రాదు, మందులు దగ్గుకే గానీ దానికి లేవు, మిగతావాళ్లనైనా ఆ ఊళ్లోంచి తీసుకుపొమ్మన్నాడు.

“మిగతావాళ్లంటే ఎవరమ్మా? ఊరు ఊరంతానూ. హనుమయ్యకి అదే దగ్గు. శౌరయ్య కోడలికి అదే. ఎక్కడికి తీసుకుపోను? ఇల్లమ్ముకుని పోదామంటే ఈ దుమ్ములో ఇల్లు కొనేవాడెవడు? మగ్గం తప్ప ఇంకోటి రాని జనం.”

గని ఆగదని ఆయనకు అప్పటికే అర్థమైపోయింది. కొండ తవ్వినన్నాళ్లూ ఊరు ఇక్కడే ఉంటుంది, దుమ్ము తింటూ ఉంటుంది. ఊరికి దుమ్ము పట్టిందని ఎవరూ ఊరిని కదిలించరు. అటువంటి సమయంలో కిరీటి వచ్చాడు. ఊళ్లో కొన్నిచోట్ల బోర్లు వేసి చూడాలి, జనం ఒప్పుకోరేమో, నీళ్ల కోసమని చెబుదామన్నాడు. పాండురంగయ్య అతన్ని ఒకటే అడిగాడు. ఇనుము పడితే ఊరు తీసుకుంటారా అని. తీసుకోక తప్పదండీ, ఊరు మీదుంటే కిందది తవ్వలేం కదా అన్నాడతను. తీసుకుంటే వేరే చోట స్థలాలిచ్చి ఇళ్లు కట్టిస్తారా అంటే, చట్టప్రకారం ఇవ్వాల్సిందేనండీ అన్నాడు.

“బోరు వేసేటప్పుడు ఆడవాళ్లంతా బిందెలు పట్టుకుని నిలబడేవాళ్లు,” అన్నాడు పాండురంగయ్య. “పసుపు నీళ్లు చల్లి, హారతిచ్చేవాళ్లు. నేనూ వాళ్ల పక్కనే చేతులు జోడించి నిలబడేవాణ్ణి. వాళ్లు నీళ్లు పడాలని మొక్కారు. నేను ఇనుము పడాలని మొక్కాను.”

మగ్గం చప్పుడు ఎప్పుడాగిందో ఇద్దరూ గమనించలేదు.

“అందరి బదులూ ఒప్పుకోడానికి నువ్వెవరివి నాన్నా?” అంది రేణుక. గట్టిగా అనలేదు.

“ఎవర్నీ కాదు. అందుకే ఎవరికీ చెప్పలేదు.”

చెబితే సగం మంది పుట్టిన ఊరు వదిలేది లేదని భీష్మించుకుంటారు, ఆ సగం చచ్చేదాకా మిగతా సగం ఇక్కడే ఉండాలి అన్నాడు. రేపటి సభలో తను లేచి, గని పెంచుకోవడానికి మాకు అభ్యంతరం లేదని చెబుదామనుకున్నానన్నాడు. జనం ఉమ్మేస్తారు. ఉమ్మేయనీ. తరవాత ఎక్కడో గాలి బాగున్న చోట ఇళ్లు కట్టుకుని, వాళ్ల పిల్లలు దగ్గకుండా పడుకున్ననాడు నా మీద కోపం దానంతటదే పోతుంది అన్నాడు. అంతసేపూ ఆయన గొంతు వణకలేదు. ఇక్కడ కొంచెం వణికింది. అది దుఃఖం కాదు, ఆశ అని రేణుకకు అర్థమైంది. ఈ ఊళ్లో ఆశతో బతుకుతున్న మనిషి తన తండ్రి ఒక్కడే.

“కిరీటి ఇంకేమన్నాడమ్మా?” అని అడిగాడాయన, కొంచెం ముందుకు వంగి. “మంచి ఖనిజమే పడిందన్నాడా? ఎప్పుడు తీసుకుంటారంట ఊరు?”

షెడ్డులో తను పట్టించుకోకుండా విన్న మాటలన్నీ అప్పుడు వచ్చి రేణుక మీద పడ్డాయి.

అబద్ధం చెప్పవచ్చు. తొందర్లోనే అనవచ్చు. కానీ ఆ మాట పట్టుకుని ఆయన రేపు సభలో లేచి నిలబడతాడు, ఊరి చేత ఉమ్మేయించుకుంటాడు, గని రెండింతలవుతుంది, ఊరు ఇక్కడే ఉంటుంది. ఆమె తండ్రి ఎదురుగా నేలమీద కూచుంది. చిన్నప్పుడు మార్కులు తగ్గినప్పుడు అలాగే కూచునేది.

“మంచి ఖనిజమే నాన్నా. కానీ ఇప్పుడు తీసుకోరు. ముందు కొండ అయిపోవాలంట.”

“కొండ ఎప్పటికవుతుంది?”

“ఇరవై ఏళ్లయినా పడుతుందంట. రేపటి మీటింగు కొండ గురించేనంట. ఊరి మాటే లేదు అందులో.”

పాండురంగయ్య ఇరవై ఏళ్లు అని ఒకసారి తనలో తను అనుకున్నాడు. అర్థం కానట్టు కూతురి ముఖం చూశాడు. తీసుకోక తప్పదని కిరీటి అన్నాడే అన్నాడు. తీసుకుంటారు నాన్నా, కానీ అప్పుడు అంది రేణుక. అంతదాకా అని అడగబోయి ఆయనే ఆగిపోయాడు. పక్కగదిలో అత్త మళ్లీ దగ్గింది. ఈసారి ఆ దగ్గు చాలాసేపటికి గానీ తగ్గలేదు. ఇద్దరూ దాన్ని వింటూ కూచున్నారు. అది ఆగాక ఆయన లేచి, ఇస్త్రీ చేసిన లాల్చీని చేతిలోకి తీసుకున్నాడు. ఎక్కడ పెట్టాలో తెలియనట్టు మళ్లీ బల్లమీదే పెట్టాడు. కిరీటి తనకు అబద్ధం చెప్పలేదనీ, ఎప్పుడు తీసుకుంటారన్న ప్రశ్న తనే అడగలేదనీ ఆయనకు అప్పుడు తెలిసి ఉంటుంది.

వీధిలో మనుషుల అలికిడి అయింది. సంఘం వాళ్లు. సభకు ముందు అధ్యక్షుడి మాట విందామని వచ్చారు. ముందు బసవయ్య, వెనక హనుమయ్య, ఇంకా చాలామంది. అరుగు నిండి, మిగతావాళ్లు వీధిలో నిలబడ్డారు. చెప్పులు విడిచి లోపలికి రాబోతున్న బసవయ్యను పాండురంగయ్య గుమ్మంలోనే ఆపాడు.

కంపెనీవాళ్లు ఇంటికో ఉద్యోగం ఇస్తామంటున్నారనీ, మళ్లీ నీళ్ల ఏర్పాటు చేస్తామంటున్నారనీ, కొంతమంది ఒప్పుకుందామంటున్నారనీ బసవయ్య చెప్పుకొచ్చాడు. మాకేం తెలుసు అన్నయ్యా, నువ్వేం చెప్పమంటే అదే చెబుతాం అన్నాడు.

పాండురంగయ్య వాళ్లందర్నీ ఒకసారి చూశాడు. ఒక్కొక్కరి ముఖమే చూశాడు.

“రేపు నేను మాట్లాడను బసవయ్యా. నా బదులు మా రేణుక మాట్లాడుతుంది. ఆ రాళ్ల సంగతి దానికి తెలుసు. నా సంగతీ తెలుసు. ఏది చెప్పాలనుకుంటే అది చెప్పమనండి, నేను కాదనను.”

ఆ మాట అని ఆయన పెరట్లోకి వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు కూతురి వైపు చూడలేదు.

ఆయన సంగతేమిటమ్మా అని అరుగు మీది జనం వెనక నుంచి ఎవరో మెల్లిగా అడిగారు. రేణుక గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నిజం చెబితే గని వద్దనడానికి ఊరికి ఒక కారణం దొరుకుతుంది. దాంతోపాటు, బోర్లు ఎక్కడ వేయాలో చూపించిన తన తండ్రి కూడా దొరుకుతాడు. చెప్పకపోతే రేపు షామియానా కింద వీళ్లంతా అవునని చేతులెత్తుతారు. అప్పుడే వెనక నుంచి ఎవరో ఆమె ముంజేయి పట్టుకున్నారు. అత్త. మగ్గం మీద నుంచి లేచి, గోడ పట్టుకుని అక్కడిదాకా వచ్చింది. ఊపిరి అందక మాట రావడానికి కొంచెం సేపు పట్టింది.

“అంతా విన్నాను,” అంది బాలత్రిపురసుందరి, రేణుకకు మాత్రమే వినపడేలా. “నా కోసం చేశాడే. మా అన్నయ్య పేరు బయటికి రాకూడదు.”

ఎదురుగా బసవయ్య ఇంకో మెట్టు పైకెక్కాడు.

“చెప్పమ్మా రేణుకా,” అన్నాడు. “రేపు అవుననాలా, కాదనాలా? కాదనాలంటే ఎందుక్కాదనాలో కూడా చెప్పు.”